విశాఖలో చలికాలం పిట్టలు చూడాలంటే ముందు ముడసర్లోవ

విశాఖ అనగానే అందరూ బీచ్, కైలాసగిరి చెబుతారు. డిసెంబరు, జనవరి నెలల్లో పిట్టల కోసం వెళ్లేవాళ్లకు మాత్రం నేను ముడసర్లోవ పార్కే చెబుతాను. కొండల నడుమ రిజర్వాయరు, పక్కన ముదురు చెట్లు, గట్టు వెంట ముళ్లతుప్పలు. నీటి పక్షులూ, పొదల్లో తిరిగేవీ ఒకే ఉదయం దొరుకుతాయి.

నీళ్ల మీద 2018లో పెట్టిన 2 మెగావాట్ల సోలార్ ప్లాంటు తేలుతూ ఉంటుంది. ఆ పలకల అంచున నీటికాకులు వరసగా కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. కింద బుడుబుంగలు మునిగి ఎక్కడో తేలుతున్నాయి. కానీ నన్ను కట్టిపడేసింది కంచె తీగ మీది బ్రౌన్ ష్రైక్ అనే పిట్ట. కళ్లకు గంతలు కట్టినట్టు నల్లటి పట్టీ, కొక్కెంలా వంగిన ముక్కు. ఈశాన్య ఆసియా నుంచి మన దగ్గరికి చలికాలం గడపడానికి వస్తుంది. గడ్డిలోకి దూకి మిడతను పట్టింది, తీగ మీదికి తెచ్చి రెక్కలు పీకి పారేసి, మిగతాది మింగేసింది. మా చెల్లి బైనాక్యులర్స్ నాకు ఇవ్వనేలేదు!

తెల్లారేసరికి అక్కడ ఉండాలి, సూర్యుడు వీపు వైపు ఉండేలా నిలబడాలి. ఎండెక్కితే పొదలు సద్దుమణుగుతాయి. కార్తీక మాసం ఆదివారాలు వద్దు. వనభోజనాల మైకుల ముందు ఏ పిట్టా నిలవదు. తినేవాళ్లు తినొచ్చు, ఆ ప్లాస్టిక్ పళ్లేలు చెరువు గట్టున వదిలేసి పోవడం మాత్రం చూడలేకపోయాను.

బస విషయానికొస్తే, బీచ్ రోడ్డు హోటల్లో గది బాగుంది, సముద్రం కనిపించింది. కానీ ఏడు దాటితే గానీ కాఫీ లేదు, చీకట్లో ఆటో దొరక్క టెన్షన్. మర్నాడు ఎంవీపీ కాలనీలో మామూలు లాడ్జికి మారాం. అక్కడి నుంచి హనుమంతవాక జంక్షన్ దగ్గరే, అరిలోవ మీదుగా ఆటోలో పార్కుకు వెళ్లిపోవచ్చు. పిట్టల కోసమైతే నా ఓటు ఈ లాడ్జికే.

శివాజీ పార్కు నగరం మధ్యలో ఉంది, సాయంత్రం ఓ గంటకు చాలు. గోరింకలు, పికిలిపిట్టలు, తేనెపిట్టలు కనిపిస్తాయి. జూలో బోనుల బయటి పక్షులను చూడడమూ బాగుంటుంది గానీ సోమవారం సెలవు. ఎదురుగా ఉన్న కంబాలకొండ అడవి గొప్పది. అయితే పొన్నంగి పిట్ట కోసమే అయితే చలికాలంలో వెళ్లకండి, అది అక్కడికి వచ్చేది తొలకరి రోజుల్లో.

ఇంకో రోజు చేతిలో ఉంటే, సొంత బండి ఉంటే, అనకాపల్లి వైపు కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సుకు వెళ్లండి. తాటి దోనెలో తామరాకుల మధ్యకు తీసుకెళ్తారు. దోనె ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి.