రాగి బాయిలర్: ఉద్దానంలో కొన్నేళ్లు వాడిన తర్వాత

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. పెరడు నిండా వంటచెరకు పడి ఉండగా స్నానాల నీళ్లకు కరెంటు కోసం ఎదురుచూడటం ఎందుకని, ఆ చలికాలంలోనే సోంపేట దగ్గరి మా ఇంట్లో రాగి బాయిలర్ పెట్టించాం. ఇప్పటికీ అదే వాడుతున్నాం కాబట్టి, కొనాలనుకునేవారికి ఉపయోగపడుతుందని దాని గుణదోషాలు రాస్తున్నాను.

మాది నిలువుగా ఉండే రాగి పీపా. అడుగున పక్క తలుపు ఉన్న నిప్పుగూడు, అందులో ఇనుప జల్లెడ, అక్కడి నుంచి పీపా మధ్యగా పైకి పోయే పొగగొట్టం, ఆ గొట్టం చుట్టూ నీళ్లు ఉంటాయి. పైనున్న గరాటులో చన్నీళ్లు పోస్తే అవి సన్నని గొట్టం గుండా అడుగుకు చేరి, పైకి తేలిన వేడినీళ్లను పక్కనున్న కొమ్ములోంచి బయటికి నెడతాయి. బకెట్ పోస్తేనే బకెట్ వస్తుంది కనుక పీపా ఎప్పుడూ ఖాళీ కాదు. నా దృష్టిలో ఈ రకానికి ఉన్న అసలు సుగుణం అదే. నీళ్లు ఉన్నంతసేపు రాగి వేడి నూరు డిగ్రీలకు మించి పెద్దగా పెరగదు. నీళ్లు అయిపోయాక కూడా కింద నిప్పు ఉంటే మాత్రం తగరం, సీసం కలిపి వేసిన మాటు కరిగి అతుకులు ఊడిపోతాయి. అడుగున కుళాయి ఉన్న రకాలు చూడటానికి సౌకర్యంగానే కనిపిస్తాయి గానీ, కుళాయి తిప్పితే పీపా ఖాళీ అయిపోతుంది కాబట్టి పిల్లలున్న ఇంట్లో వాటిని నేను సిఫారసు చేయను. ఏ రకమైనా గరాటును, కొమ్మును ఎన్నడూ మూయకూడదు, ఎందుకంటే ఆవిరికి వేరే దారి లేదు.

దీన్ని స్నానాలగదిలో పెట్టించుకోవడం ప్రమాదకరం. నిప్పు సరిగా అంటుకోనప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, మూసిన గదిలో మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. మేము వెనుక వసారాలో, రెండు వైపులా గాలి ఆడే చోట, మోకాలెత్తు సిమెంటు దిమ్మ మీద నిలబెట్టి, పొగగొట్టాన్ని ఇంటి కప్పు కన్నా ఎత్తుకు తీసుకెళ్లి టోపీ పెట్టించాం. గొట్టం కప్పు అంచు కన్నా కిందే ఆగిపోతే సముద్రపు గాలి తిరగబడి పొగనంతా వసారాలోకి తోసేస్తుంది. ఆ గాలిలోని ఉప్పు వల్ల ఇనుపరేకు గొట్టం తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. రాగికి ఆ బాధ లేదు. గొట్టం మార్చే ఖర్చు మాత్రం అప్పుడప్పుడు తప్పదని ముందే అనుకోవాలి.

ఇక వంటచెరకు సంగతి. తుఫానుకు పడిన కొబ్బరి మొద్దులు పీచుగా ఉండి నీరు పట్టి ఉంటాయి, పొగ తప్ప మంట ఇవ్వవు. కొబ్బరి డొక్కలు ఎండలో గలగలలాడేలా ఎండితే నిలకడగా కాలుతాయి, చిప్పలు ఇంకా మంచి నిప్పునిస్తాయి. సరుగుడు కట్టె వీటన్నిటికన్నా మేలు, అయితే డబ్బు పెట్టి కొనాలి. నిప్పు రాజేయడానికి ఒకప్పుడు రేషన్ నీలి కిరసనాయిలు చుక్కలు వేసేవారు. ఇప్పుడది రాదు, దాని అవసరమూ లేదు. ఎండిన పీచు గుప్పెడు చాలు.

పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమల నుంచి వచ్చే తొక్క గురించి అందరూ అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. జీడిపిక్క తొక్క బరువులో ఇంచుమించు నాలుగో వంతు నూనె ఉంటుంది. ఒక చేటెడు వేస్తే మంట గొట్టంలోకి ఎగబాకి, కాసేపటికే కొమ్ములోంచి నీళ్లు కక్కుతాయి. అంత వేడి స్నానాల నీళ్లకు అక్కరలేదు. పైగా ఆ నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, పిక్కలు కొట్టే ఆడవాళ్లు చేతులకు ఆముదమో బూడిదో రాసుకునేది అందుకే. పొగ కళ్లను, గొంతును మండిస్తుంది. చలికాలం పోయాక పొగగొట్టం విప్పించి నేల మీద తట్టితే లోపలినుంచి నల్లగా మెరిసే పెచ్చులు రాలాయి, కొన్నిచోట్ల వేలికి తారులా అంటుకున్నాయి. అది పేరుకుంటే ఏదో ఒక రోజు గొట్టంలోనే అంటుకుంటుంది. తొక్క చవక నిజమే, కానీ ఆవిరి బాయిలర్లకూ ఇటుక బట్టీలకూ వదిలేయవలసిన సరుకది. మా ఇంట్లో మానేశాం.

పొదుపు విషయంలో చెప్పేవారు కొంత ఎక్కువ చేసి చెబుతారు. ఇరవై లీటర్ల బకెట్ నీటిని 20 డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు అర యూనిట్ కరెంటు చాలు. వంటచెరకు కొనుక్కునేవారికి దీనివల్ల మిగిలేది స్వల్పం, తోట ఉన్నవారికే లాభం. కరెంటు లేని రోజున నీళ్లు కాగడం మాత్రం ఎవరికైనా లాభమే. ఈ నీళ్లను తాగడానికి వాడకండి. మా ప్రాంతంలో కిడ్నీ జబ్బుల వల్ల తాగునీటి మీద ఉన్న భయం తెలిసిందే, కానీ కాచినంత మాత్రాన నీటిలో కరిగిన లవణాలన్నీ పోవు. పైగా వాటిలో కొన్ని పీపా గోడకు తెల్లగా పట్టి వేడిని అడ్డుకుంటాయి. బోరునీళ్లయితే ఏడాదికి ఒకసారైనా నిమ్మరసమో చింతపండు పులుసో కలిపిన నీళ్లు ఒక రాత్రి నిలవ ఉంచి కడగాలి. బయటి మెరుపు కోసం మా అత్తగారు పండగలకు చింతపండుతో తోమిస్తారు. దానివల్ల పనితీరు ఏమీ మారదు.

మాటు ఒకసారి చెమ్మ ఊరితే బుడితి తీసుకెళ్లి వేయించాం, ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు కదా. పాత బాయిలర్ కొనేవారు నీళ్లు నింపి ఒక రాత్రి పొడి సిమెంటు గచ్చు మీద ఉంచి చూడాలి. లోపలి గొట్టం చిల్లు పడితే నీరు నిప్పుగూట్లోకే కారుతుంది, కాబట్టి తెల్లారాక ముందు తడిమి చూడవలసింది జల్లెడ కిందనే.