ప్రతి దిమ్మెలోనూ ఒక చిప్: ఇంజనీరింగ్ విద్యార్థుల నిర్మాణ కిట్‌పై సమీక్ష

హైదరాబాద్‌లోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో చివరి సంవత్సరం ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు ప్రాజెక్టుగా తయారు చేసిన, దిమ్మెలను ఒకదానికొకటి కలిపి ఆడుకునే ఈ కిట్‌ను, వారి అనుమతితో ఇంటికి తెచ్చి, నాలుగు, ఆరు తరగతులు చదువుతున్న మా పిల్లల చేతికిచ్చి చూసిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. పెట్టెలోని దిమ్మెల్లో కొన్ని కాంతిని, చప్పుడును, దూరాన్ని పసిగడతాయి. కొన్ని వెలుగుతాయి, మోగుతాయి, చక్రాలపై నడుస్తాయి. మరికొన్ని ఈ రెంటి మధ్య నిలిచి, పసిగట్టిన దిమ్మె పంపే అంకె విలువను మారుస్తాయి. అన్నిటికీ కరెంటు ఇచ్చేది ఒక బ్యాటరీ దిమ్మె.

1998లో వచ్చిన లెగో సంస్థ రోబో కిట్ మైండ్‌స్టార్మ్స్‌లో కంప్యూటర్ అంతా ఒకే ఇటుకలో ఉండేది. ప్రోగ్రాంను వేరే కంప్యూటర్‌లో రాసి అందులోకి పంపవలసి వచ్చేది. ఈ విద్యార్థులు క్యూబ్‌లెట్స్ అనే రోబో దిమ్మెల దారిలో నడిచి, ప్రతి దిమ్మెలోనూ చిన్న కంప్యూటర్‌లా పనిచేసే ఎనిమిది కాళ్ల ఏటీటైనీ85 చిప్‌ను అమర్చారు. దాని ర్యామ్ (పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ) 512 బైట్లే అయినా, పక్క దిమ్మె పంపిన అంకెను అందుకొని అవతలి దిమ్మెకు చేరవేయడానికి అది ధారాళంగా సరిపోతుంది. అందువల్ల దిమ్మెలను పేర్చడమే ప్రోగ్రాం రాయడం అవుతుంది.

కాంతి దిమ్మెను, చక్రాల దిమ్మెను బ్యాటరీతో కలిపితే కిటికీ వెలుతురు పడగానే బండి కదిలింది. మధ్యలో విలువను తిరగేసే (ఎక్కువను తక్కువగా, తక్కువను ఎక్కువగా మార్చే) దిమ్మె పెట్టగానే వెలుతురులో ఆగిపోయి, సోఫా కింది నీడలోకి తోస్తే పరుగు తీసింది. మా పెద్దమ్మాయి ఎవరూ చెప్పకుండానే అటువంటి దిమ్మెలు రెండు వరుసగా పెట్టి, బండి మళ్లీ వెలుతురులోనే నడవడం చూసి, "రెండూ క్యాన్సిల్ అయిపోయాయి నాన్నా!" అంది. ఏ పాఠమూ చెప్పకుండా ఆ మాట అనిపించగలిగినందుకు ఈ విద్యార్థులను మనసారా అభినందిస్తున్నాను.

అసలు లోపం అతుకుల దగ్గర ఉంది. మోటారు కదలడం మొదలుపెట్టే క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది; దిమ్మెల మధ్య కరెంటును దాటించే స్ప్రింగు పిన్నులు సరిగా ఆనకపోతే వోల్టేజి పడిపోయి, చివరి దిమ్మెలోని చిప్ మళ్లీ మొదటి నుంచి పని ప్రారంభిస్తుంది. పిల్లలేమో తాము తప్పుగా పేర్చామనుకొని అంతా విప్పేస్తారు. చక్రాల దిమ్మెలో తగినంత పెద్ద కెపాసిటర్ (కాస్త కరెంటును నిల్వ ఉంచి, అవసరమైన క్షణంలో ఇచ్చే భాగం) వేస్తే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది; ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు అమ్మే కోఠి గుజరాతీ గల్లీలో అది తేలికగా దొరుకుతుంది. దిమ్మెలను జిగురుతో మూసేయకుండా మరలు బిగించడం వల్ల ఇటువంటి మరమ్మతు ఎవరైనా చేసుకోవచ్చు. లెగో సంస్థే 2022 చివరలో మైండ్‌స్టార్మ్స్‌ను నిలిపివేసిన నేపథ్యంలో ఈ గుణానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. కిట్‌తో ఇచ్చిన ఫోన్ యాప్ మాత్రం అనవసరం.

ఒక విషయంలో రాజీ పడకూడదు. ఒక దిమ్మె అంచున, దిమ్మెలను అతికించి ఉంచే అయస్కాంతం ఊడి వచ్చింది. చిన్నపిల్లలు అటువంటివి రెండు మింగితే అవి పేగుల్లో ఒకదానినొకటి పట్టుకొని ప్రాణం మీదికి తెస్తాయి. అయస్కాంతాలను దిమ్మె గోడ లోపలే మూసి ఉంచేలా అచ్చు మార్చుకోవాలి. రాయదుర్గంలోని టీ-వర్క్స్ వంటి, కొత్త వస్తువుల నమూనాలు తయారు చేసుకునే కేంద్రాలు ఉన్న నగరంలో అది అసాధ్యమేమీ కాదు. ఆ మార్పు జరిగిన రోజున ఈ కిట్‌ను ప్రభుత్వ పాఠశాలల సైన్సు ల్యాబుల్లో ఉంచమని నేనే సిఫారసు చేస్తాను. అంతవరకు పెద్దల ఎదుటే ఆడించాలి.