టీవీలు మారినా మారని డిస్క్: జో కేన్ ‘హెచ్‌డీ బేసిక్స్’తో నా అనుభవం

‘డిజిటల్ వీడియో ఎసెన్షియల్స్: హెచ్‌డీ బేసిక్స్’ అనే బ్లూ-రే చాలా ఏళ్ళుగా నా దగ్గర ఉంది. టీవీలో బొమ్మ సరిచేసుకోవడానికి పనికొచ్చే పరీక్ష బొమ్మలు (ప్యాటర్న్‌లు) ఇందులో ఉంటాయి. ఈలోగా ఇంట్లో ప్లాస్మా పోయి ఎల్‌ఈడీ వచ్చింది, అదీ పోయి ఓఎల్‌ఈడీ వచ్చింది. ఏ టీవీ వచ్చినా దాని మీద నేను మొదట వేసేది మాత్రం ఈ డిస్కే.

దీన్ని చేసిన జో కేన్ అమెరికన్ వీడియో నిపుణుడు. స్టూడియోలో మానిటర్ మీద కనిపించిన బొమ్మే ఇంట్లోనూ కనిపించాలని ఆయన పట్టుబట్టారు. వృత్తి జీవితమంతా దాని మీదే పెట్టారు. 1989లోనే ‘ఎ వీడియో స్టాండర్డ్’ అనే లేజర్‌డిస్క్ తెచ్చారు. 1994లో జోయెల్ సిల్వర్‌తో కలిసి ఇమేజింగ్ సైన్స్ ఫౌండేషన్ మొదలుపెట్టారు. కొన్ని టీవీల మెనూల్లో ఐఎస్‌ఎఫ్ అని కనిపించే అక్షరాలు ఆ సంస్థవే. ఈ బ్లూ-రే 2008 నాటిది.

నాకు బాగా పనికొచ్చింది ప్లూజ్ ప్యాటర్న్, అంటే నలుపు సరిచూసే పరీక్ష బొమ్మ. నల్లటి తెర మీద సన్నటి పట్టీలు ఉంటాయి. ఒకటి అసలు నలుపు కన్నా కాస్త కింద, ఇంకొకటి కాస్త పైన. కింది పట్టీ పూర్తిగా మాయమై, పై పట్టీ అతి కష్టం మీద కనిపించేదాకా బ్రైట్‌నెస్ జరుపుకోవాలి. వీడియోలో వెలుగును 0 నుంచి 255 దాకా అంకెల్లో కొలిస్తే నలుపు 16 దగ్గర మొదలవుతుంది, తెలుపు 235 దగ్గర ఉంటుంది. నలుపు సంగతి బ్రైట్‌నెస్ చూసుకుంటుంది, తెలుపు సంగతి కాంట్రాస్ట్. ఈ రెండూ కుదిరాక మన సినిమాల్లో పెళ్ళి సీను చూడండి. అంతకుముందు తెల్లటి ముద్దలా ఉన్న పంచెలో మడతలు విడివిడిగా కనిపిస్తాయి, జడలో మల్లెపూలు ఒక్కొక్కటిగా తేలతాయి. చీకటి సీన్లలో జుట్టు వెనక ఉన్న గోడలో కలిసిపోదు. ఇవన్నీ కెమెరామన్ కష్టపడి పట్టినవి. మన టీవీ సెట్టింగ్ వాటిని మింగేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

షార్ప్‌నెస్ దగ్గర ఇంకో పాఠం ఉంది. ప్యాటర్న్‌లో నల్ల గీత పక్కనే, లేని తెల్ల గీత ఒకటి కనిపిస్తుంది. దాన్ని టీవీయే పుట్టిస్తోంది. అది పోయేదాకా షార్ప్‌నెస్ తగ్గించాలి. కొన్ని టీవీల్లో సున్నా దగ్గర పోతుంది, కొన్నింట్లో మధ్యలోనే పోతుంది, కాబట్టి ఎవరో చెప్పిన అంకె పెట్టుకుంటే లాభం లేదు. ఓవర్‌స్కాన్ (టీవీ బొమ్మను కాస్త పెంచి అంచులు కోసేయడం) ప్యాటర్న్ కూడా ఒకసారి వేసి చూడండి, అంచులు తెగిపోతుంటే వెంటనే తెలిసిపోతుంది.

అందరూ తడబడేది తెలుపు దగ్గర. స్టూడియోల్లో పాటించే తెలుపు డీ65, అంటే సుమారు 6500 కెల్విన్. షోరూమ్ వెలుగులో మెరవడానికి పెట్టే కూల్ సెట్టింగ్‌లో తెలుపు నీలం వైపు మొగ్గుతుంది. నేను వార్మ్‌కి మార్చగానే అమ్మ "బొమ్మ పచ్చబడిందేంట్రా?" అంది. నాలుగు రోజులు ఓపిక పట్టమన్నాను. కళ్ళు అలవాటుపడ్డాక పాత సెట్టింగ్‌లో టెస్ట్ మ్యాచ్ పెట్టి చూపిస్తే, ఆటగాళ్ళ బట్టలు నీలిమందు పెట్టి ఉతికినట్టున్నాయని తనే అంది. మళ్ళీ కూల్ జోలికి పోలేదు.

అయితే తెలుపును కంటితో కచ్చితంగా కొలవలేం. వార్మ్ సెట్టింగ్ దగ్గరదాకా తీసుకెళ్తుంది, మిగతాది రంగును కొలిచే మీటర్ పెట్టి చూడాల్సిందే. ఐఎస్‌ఎఫ్ శిక్షణ పొందినవాళ్ళు చేసే పని అదే. ఎక్కువ డబ్బు పోసి టీవీ కొన్నవాళ్ళు ఆ ఖర్చు కూడా పెట్టుకోవచ్చని నా అభిప్రాయం. డిస్క్‌తో వచ్చే నీలం ఫిల్టర్‌లోంచి కలర్ బార్స్ చూస్తూ కలర్, టింట్ సరిచేసే పద్ధతి పాత టీవీలకు చక్కగా కుదిరింది. ఇప్పటి ప్యానెళ్ళ మీద ఫిల్టర్‌ను పూర్తిగా నమ్మను. టీవీ మెనూలో బ్లూ ఓన్లీ (నీలం ఒక్కటే చూపించే) ఆప్షన్ ఉంటే దాన్నే వాడండి.

ఇందులో హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపించే కొత్త వీడియో పద్ధతి) లేదు, ఆ రోజుల్లో ఇళ్ళకు అది రానేలేదు. హెచ్‌డీఆర్ కోసం వేరే డిస్క్ చూసుకోవాలి. ఈమధ్య టీవీల్లో వస్తున్న ఫిల్మ్‌మేకర్ మోడ్ (సినిమా తీసినవాళ్ళు అనుకున్నట్టు చూపించే సెట్టింగ్) ఆన్ చేస్తే సగం పని అయిపోతుంది. అయినా నలుపు మాత్రం ప్లూజ్‌తో ఒకసారి సరిచూసుకోవాలి, గదిలో లైటును బట్టి అది మారుతుంది. మన కేబుల్ చానెళ్ళు, పాత సినిమాల బ్లూ-రేలు ఇప్పటికీ హెచ్‌డీఆర్ కావు. వాటికి ఈ డిస్క్ నేర్పింది అక్షరాలా పనికొస్తుంది.

కొనేవాళ్ళకు రెండు మాటలు. డిస్క్ వేసే ముందు టీవీని అరగంట ఆన్‌లో ఉంచండి, రాత్రి చూసేటప్పుడు ఉండే వెలుగులోనే సరిచేయండి. చాలా టీవీలు ఒక్కో ఇన్‌పుట్‌కి సెట్టింగ్స్ విడిగా గుర్తుంచుకుంటాయి. ప్లేయర్ మీద కుదిరిన అంకెలు కాగితం మీద రాసుకుని, సెట్‌టాప్ బాక్స్‌కీ టీవీలోని యాప్స్‌కీ అవే ఎక్కించి, తెలిసిన సినిమా ఒకటి పెట్టి చూసుకోండి.