పట్టపగలు చుక్కలు: ఆస్ట్రేలియా అద్దె టెలిస్కోప్‌తో రెండేళ్లు

శ్రీకాకుళంలో మా డాబా మీద ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ ఉంది. అది ఉండగా ఆస్ట్రేలియాలో సైడింగ్ స్ప్రింగ్ కొండ మీద ఇంట్లోంచే ల్యాప్‌టాప్‌తో నడిపేలా నిమిషాల లెక్కన అద్దెకిచ్చే టెలిస్కోప్‌కి డబ్బులెందుకు తగలేస్తున్నావని ఇంట్లో అందరూ అడిగారు. వెలుగు పెరిగి తగ్గే చంచల నక్షత్రాల్ని ఫోటో తీసి ఆ వెలుగు కొలవడానికి రెండేళ్లు వాడాను కాబట్టి చెబుతున్నా, టెలిస్కోప్ బంగారం, మొదటి ఆర్నెల్లు నేను ఎంచుకున్న చుక్కలే తప్పు.

మొదట ఎల్ కరీనా మీద పడ్డాను. వెలుగు 35 రోజులకోసారి పెరిగి తగ్గే సెఫీడ్ రకం చుక్క, బాగా విన్న పేరు. 60 సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే చుక్క నడిమధ్య పిక్సెళ్లన్నీ కెమెరా లెక్కించగల గరిష్ఠం 65,535 దగ్గర ఆగిపోయాయి, అంటే గిన్నె నిండి పొర్లిపోయింది, ఇక అందులో కొలవడానికేం మిగల్లేదు. పోనీ రెండు సెకన్లే ఇద్దామంటే మినుకుమినుకు వల్ల ఫ్రేముకో విలువ వస్తుంది, పైగా వెలుగు పోల్చి కొలవడానికి అంత వెలుగున్న చుక్క పక్కన ఇంకొకటి లేదు. అది కంటితో చూడాల్సిన చుక్క. మార్చిలో రాత్రి పదింటికి కళింగపట్నం బీచ్‌లో నిలబడితే దక్షిణాన అంతా సముద్రమే కదా, మబ్బు లేకపోతే తొమ్మిది డిగ్రీల ఎత్తులో ఊరికే కనిపిస్తుంది.

తర్వాత ఆర్‌ఆర్ లైరా రకం వాటితో ఇంకో దెబ్బ. వాటి వెలుగు సగం రోజులో ఒక చుట్టు పెరిగి తగ్గేస్తుంది కాబట్టి నాలుగైదు గంటలు వదలకుండా తీయాలి. నెల డబ్బులు మూడు రాత్రుల్లో హరీ.

ఇప్పుడు నేను ముందు చూసేది మన అక్షాంశం. మనం 18 డిగ్రీల ఉత్తరాన ఉన్నాం, క్రాంతి (ఆకాశంలో అక్షాంశం లాంటిది, మైనస్ అంటే దక్షిణం) మైనస్ 40 ఉన్న చుక్క కూడా మనకి 32 డిగ్రీల దాకా లేస్తుంది, కాబట్టి మీరా, ఆర్ లియోనిస్ లాంటి చుక్కలు డాబా మీదే చూసుకోవచ్చు, వాటికి అద్దె దండగ. అదే వీడబ్ల్యూ హైడ్రై తీసుకోండి, మైనస్ 71 దగ్గర ఉంది, మన దిగంతాన్ని తాకీ తాకనట్టు పోతుంది, అక్కడైతే 50 డిగ్రీల ఎత్తు. మామూలుగా 14 మ్యాగ్నిట్యూడ్‌లో మసగ్గా పడుండేది సగటున నెలకోసారి ఉబ్బి తొమ్మిదికి వచ్చేస్తుంది. (మ్యాగ్నిట్యూడ్ అంటే వెలుగు కొలత, అంకె తగ్గితే వెలుగు పెరిగినట్టు, కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడతారు.) రోజుకో ఫ్రేము చాలు, ఉబ్బిన రోజు దొరికితే పండగే.

చంచల నక్షత్రాల కొలతలు పోగేసే ఏఏవీఎస్ఓ సంస్థ సైట్లో నేను ఎంచుకోబోయే చుక్క లైట్ కర్వ్ (రోజులు గడిచేకొద్దీ వెలుగు ఎలా మారిందో చూపే గీత) కూడా తప్పకుండా చూస్తాను. రోజూ పదిమంది కొలుస్తుంటే వదిలేస్తాను, వారాల తరబడి ఖాళీ ఉంటే పట్టుకుంటాను. అలా దొరికిందే ఆర్ రెటిక్యులై, సుమారు 278 రోజుల చుట్టు ఉన్న మీరా రకం (నెలల తరబడి మెల్లగా పెరిగి తగ్గేది), వారానికో ఫోటో సరిపోతుంది. ఇది చంచల నక్షత్రమని 1867లో కనిపెట్టింది మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి. మద్రాసు నుంచి కూడా అది పెద్దగా ఎత్తుకెక్కదు, ఆయన ఆ రోజుల్లో ఎలా పట్టాడో!

మొన్న సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలు, సాయంత్రం నాలుగున్నర, బయట ఇంకా ఎండే. ఆస్ట్రేలియాలో అప్పటికి బాగా చీకటి పడిపోతుంది. ల్యాప్‌టాప్‌లో ఫోటో దిగుతుంటే మా అమ్మ అరిసెల పళ్లెంతో వచ్చి తొంగిచూసి, "ఏటిరా, పట్టపగలు చుక్కలు సూస్తన్నావేటి?" అంది. మా బావ దానికి నెల బిల్లు ఎంతో అడిగి తెలుసుకుని మరీ, "చూస్తన్నాడు కాదత్తా, మనకి చూపిస్తన్నాడు" అన్నాడు.

నచ్చనివీ ఉన్నాయి. దుమ్ము మచ్చల్ని సరిచేసే ఫ్లాట్ ఫ్రేములు పాతవి ఇచ్చారు, ఫోటో నిండా గారెల్లాంటి దుమ్ము మచ్చలు, నా చుక్క సరిగ్గా ఒక గారె మీద కూర్చుంది, కొలత పదో వంతు మ్యాగ్నిట్యూడ్ తేడా కొట్టింది. ఇంకోసారి మబ్బులో తీసిన మూడు ఫ్రేములకీ డబ్బు కోసేశారు. రెండు మెయిళ్లు పెడితే తొమ్మిది రోజులకి సగం వెనక్కొచ్చింది.

పౌర్ణమి రోజుల్లో మాత్రం రేటు బాగా తగ్గిస్తారు. గెలాక్సీల ఫోటోలవాళ్లు అప్పుడు రారు. తొమ్మిది, పదకొండు మ్యాగ్నిట్యూడ్ చుక్కలకి వెన్నెలతో పెద్ద పేచీ లేదు, పోల్చే చుక్కలూ అదే ఫ్రేములో ఉంటాయి కాబట్టి. నా మీరాల ఫోటోలు వీలైనన్ని ఆ వారానికే దాచుకుంటాను.