కమ్ బ్యాకా, గో బ్యాకా, గెట్ బ్యాకా: తిరిగి రావడానికి ఏ మాట మేలు?

కడపలో మేముండే వీధిలో కువైట్‌కు పోయొచ్చే పిల్లోళ్ళు చాలామందే ఉన్నారు. సెలవు మీద వచ్చినప్పుడు సాయంత్రం పూట మా అరుగు మీద కూర్చోబెట్టుకుని నాకు వచ్చిన ఇంగ్లీషు చెబుతుంటాను.

పోయిన ఎండాకాలం వాళ్ళలో ఒకడు నా ముందే అక్కడి మేనేజరుతో ఫోన్లో మాట్లాడినాడు. 'వెన్ ఆర్ యూ కమింగ్ బ్యాక్?' అని ఆయన అడిగితే, మావాడు 'ఐ యామ్ గోయింగ్ బ్యాక్ జూన్ టెన్త్, సార్' అన్నాడు. అవతల కాసేపు మాట లేదు. తర్వాత 'గోయింగ్ బ్యాక్ వేర్?' అని గట్టిగా వినబడింది. పిల్లోడు ఫోను చేత్తో మూసి, 'నేనేం తప్పు మాట్లాడితి మామా?' అని నా వైపు చూసినాడు.

నిజానికి వానికి ఈ తేడా తెలుసు, తెలుగులో. వాళ్ళమ్మతో 'పదో తేదీ పోతానమ్మా' అంటాడు. కువైట్‌లో ఉన్న స్నేహితునితో అయితే 'పదో తేదీకి వస్తాన్రా' అంటాడు. ప్రయాణం ఒకటే, వినే మనిషి మారినాడు. కమ్ బ్యాక్, గో బ్యాక్ మధ్య ఉన్నదీ అదే. చెప్పేవాళ్ళో వినేవాళ్ళో ఉన్న చోటికి తిరిగి చేరేదయితే కమ్ బ్యాక్, ఆ చోటు వదిలి మునుపటి చోటికి మళ్ళేదయితే గో బ్యాక్. 1928లో సైమన్ కమిషన్ మన దేశానికి వచ్చినప్పుడు జనం 'సైమన్ గో బ్యాక్' అని నినదించారు. మా గడ్డ వదిలి నీ చోటికి పో అని దాని అర్థం. అక్కడ కమ్ బ్యాక్ అంటే అర్థమే తలకిందులయ్యేది.

మన తెలుగు దారి తప్పించేది ఒక్కచోటే. ఇంట్లోనుంచి బయలుదేరుతూ 'పోతా' అనడం మనకు అశుభం, అందుకే 'వస్తా', 'పోయొస్తా' అంటాం. ఆ అలవాటుతో ఆఫీసు నుంచి లేచేటప్పుడు 'ఐ యామ్ కమింగ్' అంటే, ఇంగ్లీషువాళ్ళు మనం వాళ్ళ దగ్గరికే వస్తున్నామనుకుంటారు.

ఇక గెట్ బ్యాక్. నా మొగ్గు దీనికే. దీనికి వచ్చే పోయే దిక్కుతో పని లేదు, చేరుకోవడమే ముఖ్యం. 'ఐ గాట్ బ్యాక్ ఫ్రమ్ తిరుపతి లాస్ట్ నైట్' అంటే నిన్న రాత్రి తిరిగి ఇల్లు చేరినానని. అందుకే తేదీ చెప్పేటప్పుడు జాగ్రత్త: 9న రాత్రి విమానమెక్కి 10న దిగేవాడు గెట్ బ్యాక్‌కు 10వ తేదీయే చెప్పాలి, ఎక్కే రోజు కాదు.

పోయిన సొమ్ము రాబట్టుకోవడానికీ ఇదే మాట. ఏజెంటుకు కట్టిన డబ్బు వెనక్కి కావాలంటే 'ఐ వాంట్ టు గెట్ మై మనీ బ్యాక్'. డబ్బు అనే మాట బదులు 'ఇట్' వాడితే అది నడుమనే కూర్చోవాలి: 'గెట్ ఇట్ బ్యాక్' ఒప్పు, 'గెట్ బ్యాక్ ఇట్' తప్పు. కనుక్కుని మళ్ళీ చెబుతాను అనడానికి 'ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ'. ఈ 'టు' బదులు 'ఎట్' పడిందా, నీ మీద పగ తీర్చుకుంటాననే అర్థం వస్తుంది. మేనేజరుతో ఆ పొరపాటు చేయొద్దని పిల్లోళ్ళ చేత పదిసార్లు పలికిస్తాను. గో బ్యాక్‌కూ ఇట్లాంటి గుంత ఒకటుంది: 'గో బ్యాక్ ఆన్ యువర్ వర్డ్' అంటే ఇచ్చిన మాట తప్పడం.

రిటర్న్ కాగితం మీది మాట. సెలవు చీటీలో, టికెట్టు మీద బాగుంటుంది, నోటికి కొంచెం బరువు. 'రిటర్న్ బ్యాక్' మాత్రం వద్దు, తిరిగి అనేది రిటర్న్‌లోనే ఉంది. మన ఆఫీసుల్లో జవాబివ్వడానికి వాడే రివర్ట్‌ను తిరిగి రావడానికి అసలే వాడకూడదు. పాత స్థితికి మళ్ళడం దాని అసలు అర్థం.

ఆ రోజు పిల్లోడు మళ్ళీ ఫోను చెవికి పెట్టుకుని, 'సారీ సార్, ఐ యామ్ కమింగ్ బ్యాక్ టు కువైట్, జూన్ టెన్త్' అన్నాడు. 'ఓకే, గుడ్' అని ఆయన పెట్టేసినాడు. సెలవు చీటీలో రిటర్న్ అని రాయించి పంపినాం.