కామెర్లకు నేల ఉసిరి పొట్లాలు అమ్మే ఆయనతో జాగ్రత్త – తిరుపతి, చిత్తూరు వాళ్ళు చదవండి

పచ్చ కండువా వేసుకుని "శేషాచలం అడవి నుంచి నేరుగా మీ ఇంటికి" అంటూ రీల్స్ పెట్టే ఆయన మీలో చాలామందికి తెలుసు. ఆయన దగ్గర ఏమీ కొనొద్దు. కోపంలో రాస్తున్నా, వరస తప్పితే ఏమనుకోకండి.

మా అమ్మకు కళ్ళు పచ్చబడ్డాయి, ఒళ్ళంతా ఒకటే దురద. కామెర్లంటే మన వైపు ముందు గుర్తొచ్చేది నేల ఉసిరి పసరే కదా, 1,250 రూపాయలు పెట్టి ఎండు మొక్కలు తెప్పించాం. పొట్లంతో పాటు ఒక వాయిస్ మెసేజ్ కూడా వచ్చింది: ఉప్పు, పులుపు, నూనె ముట్టకూడదు, షుగర్ మాత్రలు ఆపేయండి, ఇంగ్లీషు మందులు లివర్‌ను తినేస్తాయి అని. అమ్మ ఆ మాట నమ్మి మాత్రలు పక్కన పెట్టేసింది. పసుపు తగ్గకపోగా వాంతులు, చలిజ్వరం మొదలయ్యాయి. ఆసుపత్రిలో స్కానింగ్ చేస్తే పిత్తనాళంలో రాయి అడ్డం పడిందని తేలింది, అప్పటికే ఇన్ఫెక్షన్ కూడా పట్టింది. ఎండోస్కోపీ చేసి రాయి తీశారు. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే ప్రాణం మీదికి వచ్చేదన్నారు.

అమ్మను చూడ్డానికి పుంగనూరు నుంచి మా చిన్నాయన వచ్చాడు. ఆయన సేద్యం చేసే మనిషి. ఆ పొట్లం విప్పి పేపరు మీద పరిచాడు. నేల ఉసిరి మనం చూడనిదేం కాదు, వానలు పడితే చెనిక్కాయ చేలల్లో, మామిడి తోపుల్లో ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది. చింతాకు లాంటి ఆకులు, రెమ్మ తిరగేస్తే ఆకుల కింద వరసగా చిన్న చిన్న గుండ్రటి కాయలు. పొట్లంలో ఒక్క రెమ్మకైనా ఆ కాయలు లేవు. ఎదురెదురు ఆకులు, కాండం మీద నూగు, కణుపు దగ్గర గుత్తిగా పూలు. "ఇది నానుబాలు గదరా, పచ్చిగా ఉన్నప్పుడు విరిస్తే పాలు కారేది. నేల ఉసిరికి పాలెక్కడివి?" అన్నాడు. మిగతాదంతా గడ్డి, నడుమ పల్లేరు ముళ్ళు కూడా.

ఫోటోలు పంపి ఫోన్ చేశాను. అరవలేదు, ఒక్క మాట తిట్టలేదు. అమ్మ మంచం పక్కనే కూర్చుని స్పీకర్‌లో మాట్లాడుతున్నా. "మీ యమ్మ పులుపు తినుంటాది, పథ్యం తప్పింది" అన్నాడు. అన్నా, రాయి అడ్డం పడింది, పైగా ఇది నేల ఉసిరే కాదు అన్నాను. "ఇంట్లో ఆడోళ్ళు నోరు కట్టుకోలేకపోతే నా మందేం చేస్తాది? పన్నెండు వందలకు ఇంత రచ్చ ఎందుకబ్బా, గమ్మునుండు" అని ఫోన్ పెట్టేశాడు. ఆ మాటలన్నీ అమ్మ విన్నది. అన్ని రోజులూ ఉప్పు లేని గంజి తప్ప ఏదీ నోట పెట్టని మనిషి, చేతికి సెలైన్ సూదితో, "నేనేమీ తినలేదు నాయనా" అని నాకు చెప్పుకుంటోంది. దొంగ సరుకు అంటగట్టినదానికంటే నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. రీల్ కింద రాసిన కామెంటు తీసేసి నన్ను బ్లాక్ కూడా చేశాడు.

నోబెల్ శాస్త్రవేత్త ఒప్పుకున్న మొక్క అని చెబుతాడు చూడండి, ఆ సంగతి నిజమే. మద్రాసు పరిశోధకులతో కలిసి ఆ నోబెల్ శాస్త్రవేత్త బ్లంబర్గ్ 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన వేశారు. నేల ఉసిరి వాడిన హెపటైటిస్ బి వాహకుల్లో (ఒంట్లో ఆ వైరస్ ఉండిపోయినవాళ్ళలో) 59 శాతం మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయిందని, ఉత్తుత్తి మందు వాడినవాళ్ళలో 4 శాతానికే పోయిందని. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. ఆ మాటే ఆయన చెప్పడు. అయినా అది వైరస్ సంగతి, నాళంలో అడ్డం పడ్డ రాయిని ఏ పసరూ కదిలించలేదు. నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి, ఆ పేరు పసరుకు పోతుంది.

కళ్ళు పచ్చబడితే ముందు రక్తపరీక్ష, స్కానింగ్. దురద, తెల్లగా సున్నంలా విరేచనం ఉంటే నాళం మూసుకుందేమో చూపించుకోండి. మగతగా ఉన్నా, మాట తడబడుతున్నా, గర్భిణికి కామెర్లు వచ్చినా గంట కూడా ఆగొద్దు. ఆయుర్వేదమే కావాలంటే ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రి మన తిరుపతిలోనే ఉంది, వేసుకుంటున్న మాత్రలన్నీ అక్కడి డాక్టరుకు చెప్పి అడగండి. పొట్లం మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు లేకపోతే తీసుకోవద్దు. పిత్తాశయం రాళ్ళు, షుగరు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం, ఈయన రీల్స్‌లో ఆ రెండూ ఉన్నాయి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫిర్యాదు చేస్తున్నాను. ఆయన దగ్గర కొన్నవాళ్ళు మీ పొట్లం పారేయకండి, రెమ్మలు తిరగేసి ఫోటోలు తీసి, డబ్బు కట్టిన రసీదుతో నాకు పంపండి, అన్నీ కలిపి పెడతాను.