ఆలస్యంగా బయటపడిన క్యాన్సర్: మా కేసు చేపట్టిన న్యాయవాది సేవపై నా అభిప్రాయం

మా అక్కకు తీసిన మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) రిపోర్టులో ‘బైరాడ్స్ 4, బయాప్సీ అవసరం’ (అంటే క్యాన్సర్ అనుమానం ఉంది, ముక్క తీసి పరీక్షించాలి) అని స్పష్టంగా ఉన్నప్పటికీ, చూసిన డాక్టరు అది కొవ్వు గడ్డేనని చెప్పి పంపించివేశారు. పదకొండు నెలల తరువాత మరో ఆసుపత్రిలో క్యాన్సరని తేలేనాటికి అది చంకలోని గ్రంథులకు పాకింది. నష్టపరిహారం కోసం మేము హైదరాబాద్‌లో ఒక న్యాయవాదిని ఆశ్రయించాము.

మొదటి రోజు ఆయన ఫీజు మాట ఎత్తలేదు. ఫైలు మొత్తం తిరగేసి, “ఈ రిపోర్టు డాక్టరు గారు చూశారనడానికి ఆధారం ఏదైనా ఉందా అమ్మా?” అని అక్కను అడిగారు. అక్క సంచిలోంచి మడతలు పడిన ఓపీ చీటీ తీసింది. ‘మామోగ్రామ్ చూశాను’ అన్న రాత, కింద తేదీ, సంతకం కనిపించగానే ఆయన దాన్ని జాగ్రత్తగా ప్లాస్టిక్ కవరులో పెట్టారు.

క్యాన్సర్ రావడం డాక్టరు తప్పు కాదని, ఆ పదకొండు నెలల్లో అక్క ఏమి కోల్పోయిందో మనం నిరూపించాలని ఆయన వివరించారు. అంతటితో ఆగక పరీక్షకు తీసిన కణజాలాన్ని భద్రపరచిన స్లైడ్లు, పారఫిన్ (మైనం) బ్లాకులు తెప్పించి, వేరే ఊరిలోని క్యాన్సర్ నిపుణుడి చేత అభిప్రాయం రాయించారు. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని, మలేరియాకు బదులు టైఫాయిడ్ వైద్యం చేసిన ఒక హైదరాబాద్ కేసులో సుప్రీంకోర్టు 2010లో చెప్పినా, క్యాన్సర్ దశ మారిందనడానికి అది లేకపోతే మన వాదన నిలవదని ఆయన అన్నారు. ఆ ముందుచూపు నాకు ఎంతో నచ్చింది.

అడిగిన 72 గంటల్లో ఆసుపత్రి రికార్డులు ఇవ్వాలని, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలని, వైద్యానికి మనం చెల్లించినది 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రుసుము ఉండదని ఆయన చెబితేనే మాకు తెలిసింది.

లోపాలు లేకపోలేదు. జూనియర్ తయారుచేసిన అఫిడవిట్‌లో స్కానింగ్ తేదీ తప్పు పడింది. నేను చదివి పట్టుకోకపోతే అవతలి పక్షం దాన్నే ఆయుధం చేసుకునేది. జిరాక్సుల ఖర్చు ముందుగా చెప్పలేదు. ఫోను చేస్తే రెండు మూడు రోజులకు గాని జవాబు రాదు, రోగి ఉన్న ఇంటికి ఆ నిరీక్షణ చాలా భారం.

అయినా కేసు ఆయన దగ్గరే ఉంచుతున్నాము. ఆ డాక్టరుకు పంపవలసిన లిఖిత ప్రశ్నలు ఇప్పుడు సిద్ధమవుతున్నాయి. అందులో మొదటిది ఆ చీటీ మీది సంతకం గురించే.